పాతిక వేల లోపు మౌంటెన్ బైక్: రాళ్ల దారికి దింపే ముందు

పాతిక వేల రూపాయల లోపు మౌంటెన్ బైక్ కొన్నవాళ్లకు మొదట వచ్చే సందేహం, దీన్ని నిజంగా గుట్టల్లోకి తీసుకెళ్లొచ్చా అని. తీసుకెళ్లొచ్చు. ఈ ధరలో ఫ్రేము మోసం చేయడం అరుదు. ఇబ్బంది పెట్టేవి బ్రేకులు, టైర్లు, ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే జంట కాళ్లు), వెనక ఇరుసు. బ్రేకులూ టైర్లూ ఒక పూట కూర్చుంటే దారికి వస్తాయి. ఫోర్కూ ఇరుసూ అలా కాదు, వాటి హద్దు తెలుసుకుని తొక్కాల్సిందే.

ఇక్కడ చెప్పేదంతా ముందు ఫోర్కు మాత్రమే ఊగే హార్డ్‌టెయిల్ గురించి. ఇదే ధరలో దొరికే 'డబుల్ షాకర్' జోలికి వెళ్లకండి. వెనక షాకు అని పెట్టింది ఉత్త స్ప్రింగు, దాని ఊపును అణిచే ఏర్పాటేమీ ఉండదు. ఎక్కుడులో పెడల్ మీద పెట్టిన బలంలో కొంత ఆ స్ప్రింగే మింగేస్తుంది. కీలు దగ్గర బుష్‌లు అరిగాక వెనక చక్రం పక్కలకు ఊగుతుంది. పైగా అదనపు బరువు.

ముందు స్టిక్కరు చదవండి

చాలా కంపెనీలు ఫ్రేము మీదో మాన్యువల్‌లోనో వాడకం కేటగిరీ అంకె వేస్తాయి. అది ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ పెట్టిన ఎఫ్2043 ప్రమాణం ప్రకారం ఇచ్చే అంకె. 1 అంటే తారు రోడ్డు. 2 అంటే మట్టిదారులు, కంకర దారులు, ఓ మోస్తరు ఏటవాలు, చక్రం దిగే గట్టు 15 సెంటీమీటర్లు దాటకూడదు. 3 అంటే గతుకుల ట్రైళ్లు, చిన్న గెంతులు, 61 సెంటీమీటర్ల లోపు దిగుళ్లు. 15 సెంటీమీటర్లంటే సుమారు ఇంటి ముందు ఒక మెట్టు. మీ బైకు మీద 2 ఉంటే రాళ్ల మీదుగా దొర్లించుకుంటూ పోవచ్చు గానీ గాల్లోకి లేపకూడదు. డౌన్‌ట్యూబు (హ్యాండిల్ కింది నుంచి పెడళ్ల దాకా దిగే ఫ్రేము గొట్టం) మీద 'మౌంటెన్' అని ఎంత పెద్ద అక్షరాలు ఉన్నా ఈ అంకె మారదు.

పెట్టెలోంచి వచ్చిన రోజు

చవక బైకుల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా వరకు బిగింపు లోపాలే. ఆన్‌లైన్లో తెప్పించుకుని ఇంట్లో బిగించుకున్నా, దుకాణంలో హడావిడిగా బిగించి ఇచ్చినా ఇవన్నీ ఒకసారి చూడాలి.

ఫోర్కు వెనక్కి తిరిగి ఉందేమో మొదట చూడండి. నవ్వొచ్చే తప్పే గానీ తరచూ కనబడుతుంది. బ్రేకు కాలిపర్ (ప్యాడ్లతో డిస్కును పట్టే భాగం) ఎడమ కాలికి, వెనక వైపు ఉండాలి. తర్వాత ముందు బ్రేకు నొక్కి పట్టి బైకును ముందుకూ వెనక్కూ కదపండి. హ్యాండిల్ కింద 'టక్ టక్' అంటే హెడ్‌సెట్ (ఫోర్కు తిరిగే బేరింగుల జత) వదులుగా ఉంది. హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే స్టెమ్ పక్క బోల్టులు వదులు చేసి, పై మూత బోల్టును పావు చుట్టు చొప్పున బిగిస్తూ ఆ చప్పుడు పోయేదాకా వెళ్లి, పక్క బోల్టులు తిరిగి 5 నుంచి 6 న్యూటన్ మీటర్ల (టార్క్ పానా మీద ఉండే బిగువు కొలత) దగ్గర బిగించండి. పక్క బోల్టులు బిగువుగా ఉండగా పై మూతను ఎంత తిప్పినా ఉపయోగం లేదు, మర పోతుంది.

పెడళ్లను 15 మిల్లీమీటర్ల పానాతో బిగించాలి. ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుంది, అప్రదక్షిణంగా తిప్పితేనే బిగుస్తుంది. ముందు చేత్తో మూడు నాలుగు చుట్లు తేలిగ్గా వెళ్లాలి. వెళ్లకపోతే మర అడ్డంగా పట్టిందన్నమాట. అల్యూమినియం క్రాంకులో (పెడల్ బిగించే చేయిలో) అలా బలవంతంగా తిప్పితే క్రాంకు మార్చుకోవాల్సిందే.

ఎడమ క్రాంకు బోల్టును ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. నాలుగు పలకల ఇరుసు మీద కూర్చునే ఈ రకం క్రాంకుకు 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల బిగువు కావాలి, చేతిలో పట్టే చిన్న మల్టీటూలుతో అంత రాదు. వదులుగా ఉన్న క్రాంకుతో ఒక ఎక్కుడు తొక్కితే చాలు, ఇనుప ఇరుసు ఆ మెత్తటి అల్యూమినియం రంధ్రాన్ని గుండ్రంగా చేసేస్తుంది. ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత పొడవాటి పిడి ఉన్న పానాతో మళ్లీ ఒకసారి చూడండి.

చక్రాలు యంత్రం మీద కట్టినవి కాబట్టి చువ్వల బిగువు ఎగుడుదిగుడుగా ఉంటుంది. పక్కపక్క చువ్వలను రెండేసి చొప్పున చేత్తో నొక్కుకుంటూ చక్రం చుట్టూ రండి. ఒకే వైపు చువ్వల్లో ఏదైనా మెత్తగా తగిలితే అది వదులు. వెనక చక్రంలో కుడివైపు చువ్వలు ఎడమవాటి కన్నా బిగువుగా ఉండటం మామూలే, దాన్ని లోపం అనుకోకండి. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత రిమ్ము బెండు తీయించి, బిగువు సమం చేయించుకుంటే ఆ చక్రం చాలాకాలం నిలుస్తుంది. ఈ ఒక్క పని ఎగ్గొట్టడం వల్లే చాలా చక్రాలు ఎనిమిది ఆకారానికి వంగుతాయి.

ఇరుసును వేళ్లతో తిప్పినప్పుడు గరగరలాడితే కోన్లు (బాల్స్‌ను నొక్కి పట్టే నట్లు) మరీ బిగించేశారు, బాల్స్‌కు గ్రీజు కూడా సరిగా పెట్టి ఉండరు. మామూలుగా ముందు హబ్బుకు 13, వెనక దానికి 15 మిల్లీమీటర్ల పలుచని కోన్ పానా పడుతుంది.

బ్రేకులు

మౌంటెన్ బైకింగ్ మొదలైందే పాత సైకిళ్ల మీద. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో ఒక కొండ దారిలో పందేలు మొదలుపెట్టినవాళ్లు దింపింది 1930లు, 40ల నాటి బరువైన సైకిళ్లను. వెనక హబ్బులోని కోస్టర్ బ్రేకు (పెడల్ వెనక్కి తొక్కితే పడేది) ఒక్క దిగుడుకే ఎంత కాగేదంటే గ్రీజు పొగై పోయేది, ప్రతిసారీ కొత్తగా కూరాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు పడింది. చవక బైకు కొండ దిగేటప్పుడు నేటికీ ముందు చేతులెత్తేసేది బ్రేకే.

ఈ ధరలో ఉండేవి కేబుల్‌తో లాగే డిస్కు బ్రేకులు. వీటిలో చాలా వాటిలో బయటి ప్యాడు ఒక్కటే కదులుతుంది. అది వచ్చి డిస్కును నెడితే, డిస్కు కొద్దిగా వంగి లోపలి ప్యాడుకు ఆనుకుంటుంది. లోపలి ప్యాడు దూరంగా ఉంటే లాగిన బలమంతా డిస్కును వంచడానికే పోతుంది, లివర్ గ్రిప్పుకు తగిలినా బండి ఆగదు. 'డిస్కు బ్రేకే గానీ పట్టదు' అనే మాటకు సాధారణంగా కారణం ఇదే.

సరిచేసే వరస ఇదీ. కాలిపర్‌ను ఫోర్కుకు పట్టి ఉంచే రెండు బోల్టులను అర చుట్టు వదులు చేయండి. చక్రం లోపలివైపు నుంచి అలెన్ కీతో లోపలి ప్యాడును డిస్కుకు తగిలేదాకా ముందుకు తెండి. లివర్ గట్టిగా నొక్కి పట్టుకుని ఆ రెండు బోల్టులనూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి 6 నుంచి 8 న్యూటన్ మీటర్లకు బిగించండి. లివర్ వదిలి లోపలి ప్యాడును ఒక్కో క్లిక్కు వెనక్కి తిప్పండి. చక్రం రాసుకోకుండా తిరగడం మొదలైన చోటే ఆపాలి. విజిటింగ్ కార్డు మందం సందు చాలు.

ఆ తర్వాతే కేబుల్. సడలింపు పోయేంత మటుకే లాగాలి, కాలిపర్ మీది చేయి ముందే సగం తిరిగిపోయేలా లాగకూడదు. ఆ చేయి పూర్తిగా వెనక ఉన్న చోటి నుంచి మొదలైతేనే పట్టు బాగుంటుంది. ప్యాడ్లు అరిగిన కొద్దీ చాలామంది కేబుల్‌నే బిగిస్తూ పోతారు, అది తప్పు. అరుగుదలను లోపలి ప్యాడు మరతో తీర్చాలి. ప్యాడు మసాలా మందం అర మిల్లీమీటరు దగ్గరికి వస్తే మార్చేయండి.

కొత్త ప్యాడ్లు మొదటి రోజు పట్టవు. ట్రాఫిక్ లేని రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగం అందుకుని నడక వేగానికి తగ్గించాలి, పూర్తిగా ఆగకూడదు, చక్రం జారకూడదు. ముందు బ్రేకుకు ఇరవై సార్లు, వెనకదానికి ఇరవై సార్లు ఇలా చేస్తే ప్యాడు మసాలా పలుచని పొరగా డిస్కు మీద పరుచుకుంటుంది. తేడా చేతికే తెలుస్తుంది. ఇక డిస్కు మీద వేలు పెట్టకండి. చైనుకు స్ప్రే కొట్టేటప్పుడు వెనక డిస్కుకు గుడ్డ కప్పండి. నూనె పీల్చుకున్న ప్యాడు కీచుమంటుంది, పట్టదు. డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే శుభ్రమవుతుంది, ప్యాడు మాత్రం చాలాసార్లు బాగుపడదు.

డిస్కు కాకుండా రిమ్మును పట్టే వీ-బ్రేకులు ఉన్న బైకును చిన్నచూపు చూడనక్కర్లేదు. ఎండు దారిలో మంచి వీ-బ్రేకు నాసిరకం డిస్కు కన్నా బాగా ఆగుతుంది. బురదలో, వానలో మాత్రం తేలిపోతుంది, రిమ్ము కూడా అరుగుతుంది.

ఫోర్కు చేయగలిగేది ఎంత

ఈ ధరలో 80 నుంచి 100 మిల్లీమీటర్లు కదిలే స్ప్రింగు ఫోర్కు వస్తుంది. సన్‌టూర్ కంపెనీవి తీసుకుంటే మామూలుగా ఎక్స్‌సీటీ మోడల్‌కు లోపలి గొట్టం 28 మిల్లీమీటర్లు, ఎక్స్‌సీఎంకు 30, ఎక్స్‌సీఆర్‌కు 32. గొట్టం సన్నబడిన కొద్దీ గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఫోర్కు మెలిపడటం పెరుగుతుంది.

మీ బరువుకు స్ప్రింగు సరిపోతోందో లేదో తెలుసుకోవడానికి ఒక జిప్ టై చాలు. దాన్ని మెరిసే గొట్టానికి కట్టి సీలు దాకా కిందికి జరపండి. కుదుపు లేకుండా ఎక్కి, గోడ పట్టుకుని మామూలుగా కూర్చుని, మెల్లిగా దిగండి. జిప్ టై సీలుకు ఎంత పైకి జరిగిందో కొలవండి. 100 మిల్లీమీటర్ల ఫోర్కుకు 20 నుంచి 25, 80 దానికి 16 నుంచి 20 ఉంటే బాగుంది. ఫోర్కు పైన స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచే ప్రీలోడ్ నాబ్ తిప్పితే ఈ కొలత కొంచెం మారుతుంది గానీ స్ప్రింగు గట్టిదనం మారదు. 50 కిలోల మనిషికి చాలా ఫోర్కులు అయిదారు మిల్లీమీటర్లు కూడా దిగవు. అలాంటప్పుడు నాబ్ పూర్తిగా వదిలేసి, ముందు టైరులో గాలి తగ్గించి ఆ పని టైరుతో చేయించుకోవడం మేలు.

వీటిలో పైకి లేచే వేగాన్ని అదుపు చేసే రీబౌండ్ డ్యాంపింగ్ సాధారణంగా ఉండదు. ఒక్క రాయి వస్తే ఫోర్కు బాగానే మింగుతుంది. వరసగా పది రాళ్లు వస్తే మొదటి రాయికి దిగిన స్ప్రింగు మూడో రాయి దగ్గర ఎగురుతూ ఉంటుంది, ముందు చక్రం నేలను వదిలేస్తుంది. అలాంటి చోట వంపు తిప్పబోయినా, ముందు బ్రేకు నొక్కినా పడతారు. రాళ్ల పట్టీ మొదలవకముందే వేగం తగ్గించి, రాళ్ల మీద బ్రేకు వదిలేసి దొర్లనివ్వాలి. ఫోర్కు ఊగకుండా ఆపే లాకౌట్ మీట రోడ్డు కోసమే, గతుకుల్లో మూసి ఉంచితే లోపలి భాగాలు దెబ్బతింటాయి.

సుమారు 50 గంటల తొక్కుడుకు ఒకసారి ఫోర్కు కింది కాళ్లను విప్పి తుడిచి గ్రీజు పెట్టాలి. చక్రం, కాలిపర్ తీసి, కాళ్ల అడుగున ఉన్న రెండు బోల్టులు విప్పితే కింది భాగం ఊడి వస్తుంది. పాత నల్ల గ్రీజు తుడిచి, లోపలి బుష్‌లకూ సీళ్లకూ ఫోర్కు గ్రీజు పూసి ఎక్కించండి. చక్రాల బేరింగులకు వాడే చిక్కటి గ్రీజు పెడితే ఫోర్కు ఇంకా బిగుసుకుపోతుంది.

కొత్త ఫోర్కు కొనాలన్న ఆశ అందరికీ కలుగుతుంది. స్ప్రింగు బదులు గాలితో పనిచేసే మంచి ఎయిర్ ఫోర్కు ధర బైకు ధరలో సగం దాటుతుంది. ఆ డబ్బు దాచుకుని తర్వాతి బైకులో పెట్టండి.

వెనక ఇరుసు ఎందుకు విరుగుతుంది

ఏడు గేర్ల బైకుల్లో చాలా వాటికి వెనక ఉండేది హబ్బు మర మీద బిగించే ఫ్రీవీల్ (పళ్లచక్రాల గుత్తి). ఈ అమరికలో కుడివైపు బాల్స్ ఫ్రీవీల్‌కు లోపల, హబ్బు మధ్యకు జరిగి ఉంటాయి. ఫ్రేము దాకా ఉన్న ఇరుసు ముక్కకు ఆసరా ఉండదు. రాయి మీద పడ్డ ప్రతిసారీ అది అక్కడే వంగుతుంది, ఒకరోజు తెగుతుంది. బరువు 85 కిలోలు దాటినవాళ్లకు, గట్లు దూకించేవాళ్లకు ఈ సమస్య త్వరగా వస్తుంది. పళ్లచక్రాల గుత్తిని (క్యాసెట్‌ను) మీద ఎక్కించే షిమానో ఫ్రీహబ్బులో కుడి బాల్స్ ఇరుసు చివరికి దగ్గరగా ఉంటాయి, అందుకే ఇలా విరగడం అరుదు.

మీది ఏదో తెలియాలంటే చక్రం తీసి పళ్లచక్రాలను వెనక్కి తిప్పండి. మధ్యలో పనిముట్టు దూర్చే పళ్ల రింగు వాటితో పాటే తిరిగితే క్యాసెట్, కదలకుండా నిలిస్తే ఫ్రీవీల్. ఫ్రీవీల్ అయితే నెలకోసారి ఇరుసును వేళ్లతో తిప్పి చూడండి. చివర నిలకడగా తిరగకుండా సున్నా చుడితే వంగిపోయింది, విరిగేదాకా ఆగకుండా మార్చండి.

వరసగా రెండు ఇరుసులు పోతే మూడోది కొనకండి. 135 మిల్లీమీటర్ల వెడల్పు, ఎనిమిది గేర్ల ఫ్రీహబ్బు ఉన్న వెనక చక్రం వేసుకోండి. 4.5 మిల్లీమీటర్ల స్పేసర్ పెడితే దాని మీద ఏడు గేర్ల క్యాసెట్ కూర్చుంటుంది, పాత షిఫ్టర్లు, డెరైలర్ (చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం) అలాగే పనిచేస్తాయి. డిస్కు పట్టించే పద్ధతి కూడా కలవాలి, ఆరు బోల్టుల డిస్కుకు ఆరు బోల్టుల హబ్బే.

టైర్లు, పల్లేరు కాయలు

కంపెనీ నుంచి వచ్చే టైర్ల రబ్బరు గట్టిది. త్వరగా అరగదు, తడి బండ మీద సబ్బులా జారుతుంది. ఒక్క టైరుకే డబ్బుంటే ముందుది మార్చండి. 27.5 అంగుళాల రిమ్ముకు 2.2 లేదా 2.25 అంగుళాల వెడల్పుది, పక్క గుబ్బలు విడివిడిగా ఉన్నది. ఫోర్కుకు రెండు వైపులా కనీసం 6 మిల్లీమీటర్ల సందు మిగలాలి.

టైరు మార్చకపోయినా గాలి సరిచేసుకోవడానికి ఖర్చేమీ లేదు. సైకిల్ షాపులో 50 పీఎస్ఐ కొట్టి రాయిలా చేసి ఇస్తారు, అది రోడ్డుకు. ట్యూబు ఉన్న 2.1 టైరుకు, 70 కిలోల మనిషికి మట్టిదారిలో ముందు 26 నుంచి 28, వెనక 30 నుంచి 32 దగ్గర మొదలుపెట్టండి. ప్రతి అయిదు కిలోల తేడాకు ఒక పీఎస్ఐ అటూ ఇటూ. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. అలాంటి పంక్చర్ కనబడితే ముల్లు కోసం వెతక్కండి, మూడు పీఎస్ఐ పెంచండి.

మన వైపు ట్రైళ్లలో రాళ్లకన్నా ముళ్లతోనే ఎక్కువ బాధ. పల్లేరు కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది, సర్కారు తుమ్మ ముల్లు చెప్పుల్లోంచే దిగుతుంది. ఈ రిమ్ములు సాధారణంగా ట్యూబ్‌లెస్‌కు పనికిరావు కాబట్టి ట్యూబులోనే సీలెంట్ పోయడం సులువైన దారి. మోటర్ సైకిల్ తరహా వాల్వు లోపలి పిన్నును కోర్ కీతో విప్పి, ట్యూబుకు 100 నుంచి 120 మిల్లీలీటర్లు పోసి, పిన్ను బిగించి గాలి కొట్టి, చక్రం తిప్పాలి. ముళ్ల రంధ్రాలను అది మూసేస్తుంది, పాము కాటును మూయలేదు. ట్యూబు మార్చాల్సి వస్తే టైరు లోపలంతా గుడ్డతో ఒక చుట్టు తుడవండి. విరిగిన ముల్లు మొన గుడ్డకు తగులుకుంటుంది. దాన్ని తీయకుండా కొత్త ట్యూబు వేస్తే పది నిమిషాల్లో మళ్లీ దిగాలి.

గేర్లు, చైను

మూడు ఇంటూ ఏడు గేర్లను ఇప్పుడు పాతకాలం అంటున్నారు గానీ ఎక్కుడుకు అది తక్కువదేమీ కాదు. ముందు 24, వెనక 34 పళ్లుంటే పెడల్ ఒక చుట్టుకు 27.5 బైకు సుమారు 1.5 మీటర్లు కదులుతుంది. ముందు ఒక్క 32 పళ్ల చక్రం, వెనక 42 ఉన్న ఖరీదైన బైకులో కూడా దాదాపు 1.65. మీ ఫ్రీవీల్‌లో పెద్దది 28 పళ్లే ఉంటే అది సుమారు 1.85 అవుతుంది, నిటారు గుట్టల్లో దిగి నడవాలి. 14-34 ఫ్రీవీల్‌కు మార్చుకోవచ్చు, డెరైలర్‌కు 34 పట్టే సామర్థ్యం ఉందో లేదో ముందు చూసుకుని.

గతుకుల్లో చైను ఊడటం ఈ బైకుల సహజ గుణం, డెరైలర్‌లో చైనును బిగువుగా పట్టే క్లచ్ ఉండదు. దిగుడులో ముందు మధ్య పళ్లచక్రం, వెనక మధ్య నుంచి పెద్దవాటిలో ఒకటి పెట్టుకుంటే చైను బిగువుగా నిలుస్తుంది. బైకు కుడివైపుకు పడితే డెరైలర్ హ్యాంగర్ (దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే రేకు) లోపలికి వంగి ఉండొచ్చు. అది చూడకుండా పెద్ద గేరు వేస్తే డెరైలర్ చువ్వల్లోకి వెళ్తుంది, చక్రం, డెరైలర్ రెండూ పోతాయి. పడి లేచాక చక్రాన్ని ఎత్తి చేత్తో తిప్పుతూ అన్ని గేర్లూ వేసి చూశాకే ఎక్కండి.

దారి మీద

సీటు గొట్టం బిగింపుకు క్విక్ రిలీజ్ ఉంటే దిగుడుకు ముందు సీటు 5 నుంచి 8 సెంటీమీటర్లు దించండి. పొడవాటి స్టెమ్, నిటారు ఫోర్కు వల్ల ఈ బైకులు మనిషిని ముందు చక్రం మీదికి తోస్తాయి. స్టెమ్ 90 మిల్లీమీటర్లుంటే 60 దానికి మార్చడం తక్కువ ఖర్చుతో పెద్ద మార్పు. హ్యాండిల్ మధ్య లావు 25.4 మిల్లీమీటర్లా, 31.8 మిల్లీమీటర్లా కొలిచి తీసుకోవాలి.

హైదరాబాద్ చుట్టుపక్కల బండల మధ్య దారుల్లో గట్టి నేల మీద మొరం పరుచుకుని ఉంటుంది. వంపులో ముందు బ్రేకు వేస్తే చక్రం కిందినుంచి జారిపోతుంది, వేయాల్సిందంతా వంపుకు ముందే వేసేయాలి. వికారాబాద్ అనంతగిరి గుట్టల్లో వానాకాలం ఆకుల కింద వేళ్లు కనబడవు, వాటిని ఏటవాలుగా కాక అడ్డంగా, నేరుగా దాటాలి. రిజర్వు అటవీ ప్రాంతంలోకి వెళ్లేముందు అటవీ శాఖ అనుమతి కనుక్కోండి. నల్లరేగడి దారిలో వాన పడితే తొక్కే ప్రయత్నం చేయకండి. కొద్ది దూరంలోనే మట్టి ఫోర్కు సందులో మేకులా బిగుస్తుంది, బలంగా తొక్కితే డెరైలర్ ఊడుతుంది. బైకును భుజాన వేసుకుని గట్టు మీదుగా నడవడమే.

పొడవాటి దిగుడులో బ్రేకును కొంచెం కొంచెంగా పట్టి ఉంచకండి. గట్టిగా నొక్కి వేగం దించి, పూర్తిగా వదలండి, మళ్లీ నొక్కండి. వదిలిన ఆ కొద్ది క్షణాల్లో డిస్కు చల్లారుతుంది. కాలిన వాసన వచ్చినా, లివర్ మెత్తబడినా ఆగిపోండి. చల్లారిందో లేదో చూడ్డానికి డిస్కు ముట్టుకోవద్దు, వేలు అంటుకుపోతుంది.

తిరిగొచ్చాక

ఎర్ర దుమ్ముకు నూనె కలిస్తే సానబట్టే ముద్ద తయారవుతుంది. చైను పొడిగుడ్డతో తుడిచి, ప్రతి రోలరు మీద ఒక్క చుక్క వేసి, అయిదు నిమిషాలాగి పైన మిగిలిందంతా తుడిచేయండి. ఇంజిన్ ఆయిల్ వద్దు. చైనును ఒక పిన్ను మధ్య నుంచి స్కేలుతో కొలవండి. కొత్త చైనులో దాని తర్వాత వచ్చే 24వ పిన్ను మధ్య సరిగ్గా 304.8 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. 307 చేరితే చైను మార్చాలి, ఆలస్యం చేస్తే ఫ్రీవీల్ పళ్లు కూడా దాంతో పాటే అరుగుతాయి.

బండ్లు కడిగే ప్రెషర్ గన్ను హబ్బుల మీద, హెడ్‌సెట్ మీద కొట్టించకండి. బకెట్టు నీళ్లు, గుడ్డ చాలు. కడిగేటప్పుడే హ్యాండిల్ కింద డౌన్‌ట్యూబు అతికిన చోట, క్రాంకు చుట్టూ ఉన్న వెల్డింగుల దగ్గర వేలితో తడుముతూ చూడండి. పెయింటు మీద వెంట్రుక వాసి గీత కనబడితే దాని చివర పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. తర్వాతిసారి గీత ఆ గుర్తు దాటి ఉంటే అది పెయింటు గీత కాదు, పగులు. అల్యూమినియం ఫ్రేమును వెల్డింగ్ షాపులో అతికించి మళ్లీ గుట్టల్లోకి దింపకండి. విడి భాగాలు తీసుకుని ఫ్రేమును పాత సామాన్లకు వేసేయండి.